దంతక్షయమును వెలుగుచే ముందే కనుగొనుట
(కళింగపట్నమున జరిగిన వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఉదయమునుండి విద్యానిధి లెక్కలతోను, వసతిగృహపు మరమ్మతుల చర్చలతోను మీ చెవులు అలసియున్నవి. భోజనానంతరము దంతములనుగూర్చి మాటలాడుటకు మమ్ము నియమించిన కార్యదర్శిగారి సమయజ్ఞత మెచ్చదగినది. ఇప్పుడే వడ్డించిన బొబ్బట్టు మీ పండ్లసందులలో నింకను నిలిచియుండగా, మా విషయమునకు వేరు పీఠిక యక్కరలేదు.

మేము వైద్యులము కాము. ముప్పదియైదేండ్లు సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గైకొన్న యుపాధ్యాయులము. అట్టివారి కీ ప్రసంగమేల యనగా, మన సంఘపు దాత యొకరు, పేరు చెప్పవలదని వారి యానతి, మన పాఠశాలయందును వసతిగృహమందును ఉన్న పిల్లల పండ్లు పరీక్షించుటకై దీప్తియంత్ర మొకటి కొనియిత్తునని వాగ్దానము చేసిరి. దానిని గైకొనవలెనా, గైకొన్నచో నెట్లు వాడవలెను అను ప్రశ్న రేపటి తీర్మానములలో రానున్నది. తెలిసికొని చెప్పుమని కార్యవర్గమువారు మమ్ము కోరిరి. రెండునెలలు ఈ విషయమును చదివితిమి. దంతవైద్యురాలైన మా పూర్వశిష్యురాలి చికిత్సాలయమున కూర్చుండి కన్నులార చూచితిమి.

కళింగపట్నమున దంతమునుగూర్చి మాటలాడువారికి దంతపురము తలంపునకు రాకపోదు. బౌద్ధవాఙ్మయమున కళింగరాజధానిగా చెప్పబడిన ఆ పురమునకు బుద్ధభగవానుని దంతధాతువుచే ఆ పేరు గలిగెనని ప్రతీతి. అది మన జిల్లాలో సరుబుజ్జిలి మండలమందలి దంతవరపుకోటయే యని తలంచిన పండితులు గలరు. పదుమూడవ శతాబ్దమున పాలీభాషయందు రచింపబడిన దాఠావంశము, హేమమాల యను రాకుమారి ఆ దంతమును తన కొప్పులో దాచుకొని సముద్రము దాటి సింహళమునకు గొనిపోయెనని చెప్పుచున్నది. కాండీనగరపు ఆలయమున నేటికిని దానికి పూజలు జరుగుచున్నవి. ఈ యూరికి దాపున వంశధార యొడ్డున శాలిహుండపు కొండమీది స్తూపశిథిలములు చూచినవారికి ఈ కథ పరాయిది కాదు. అందు మాకు తోచిన విశేష మొకటి గలదు. చితియందు దేహము భస్మమైనను దంతము మిగిలెను. భక్తికథ యైనను ఇది వస్తుస్థితికి సరిపోవుచున్నది. పంటిని పైనుండి కప్పియుండు ఎనామెల్ అను పింగాణిపొరకంటె కఠినమైన పదార్థము మన శరీరమున వేరొకటి లేదు. దాని తూకమున నూటికి సుమారు 96 పాళ్ళు ఖనిజమే. చితాగ్నికి నిలిచిన యా పన్ను, బ్రతికియున్న బాలుని నోట బెల్లపుపాకమునకు నిలువజాలకున్నది!

సంస్కృతమున పంటికి ద్విజమని పేరు. గ్రుడ్డుగా నొకమారు, పిల్లగా నొకమారు పుట్టు పక్షివలెనే పన్నును పాలపన్నుగా నొకమారు, స్థిరదంతముగా నొకమారు పుట్టును. మూడవ జన్మము దానికి లేదు. అంతకు మించిన చిక్కు మరియొకటి. ఎనామెలును నిర్మించు జీవకణములు పన్ను చిగురును చీల్చుకొని వెలువడునప్పటికే నశించిపోవును. విరిగిన యెముక అతుకుకొనును, తెగిన చర్మము మానును. ఎనామెలున గుంట పడినచో దానిని పూడ్చు పనివాడు శరీరమున లేడు.

సుశ్రుతాచార్యులు దంతరోగములలో కృమిదంతకమును చెప్పిరి. పన్ను నల్లబడుట, తూటుపడుట, కదలుట, స్రవించుట, వాచి నొచ్చుట దాని లక్షణములు. ఈ వర్ణనమును చూచినచో ఆ మహానుభావునికి కనబడినది వ్యాధియొక్క చివరిదశయని తెలియుచున్నది. కన్నున కగపడినదానినే కదా వర్ణింపగలరు! పంటిలో పురుగున్నదను నమ్మకము మనదేశమున మాత్రమే కాదు, నానాదేశములయందును నుండెను. మా చిన్ననాట వాకుడుగింజలను నిప్పుమీద వేసి ఆ పొగను పుచ్చుపంటికి పట్టించి పురుగులు రాలినవని చూపువారు గ్రామములకు వచ్చెడివారు. 1728లో ఫ్రాన్సుదేశపు ఫోషార్ అను దంతవైద్యుడు తనకట్టి పురుగు కనబడలేదని వ్రాసెను. 1890లో మిల్లర్ అను శాస్త్రజ్ఞుడు అసలు కారణమును వివరించెను. నోటియందలి సూక్ష్మజీవులు మనము తిను తీపిని తిని ఆమ్లమును పుట్టించును. ఆ ఆమ్లము పంటిఖనిజమును కరగించును. కృమి యను మాట పూర్తిగా తప్పు కాలేదు, దాని పరిమాణము మాత్రము మారినది.

ఇచ్చట కొంత నిలిచి చెప్పవలసియున్నది. తీపి తిన్నపిమ్మట నోటి ఆమ్లత కొలది నిమిషములలో పెరిగి, ఎనామెల్ కరగు హద్దును దాటి, మరల సమస్థితికి వచ్చుటకు సుమారు అరగంటయో, అంతకంటె నెక్కువయో పట్టును. ఆ పిమ్మట లాలాజలమందలి సున్నపుధాతువును భాస్వరధాతువును పంటిలోనికి మరల చేరి, పోయినదానిలో కొంత పూడ్చును. కావున నోటియందు పగలెల్ల కరగుటయు కూడుటయు జరుగుచునేయున్నవి. భోజనముతో తిన్న పాయసము ఒక్కమారు కరగించును. బడిసంచిలో దాచి గంటగంటకు చప్పరించు జీళ్ళును, చాక్లెట్లును పూడ్చుటకు వ్యవధి నీయవు. స్వీడన్ దేశమున వీపెహోల్మ్ ఆసుపత్రిలో జరిగిన పరిశోధనము, 1954లో వెలువడినది, ఈ సంగతినే తేల్చినది: ఎంత తీపి తింటిమన్నదానికంటె ఎన్నిమారులు, ఎంత జిగటగా తింటిమన్నది ముఖ్యము. బుద్ధిమాంద్యముగల రోగులకు కావలెనని జిగటమిఠాయి తినిపించి చేసిన ఆ ప్రయోగమును మేము మెచ్చజాలము. అయినను దాని ఫలితమును కాదనజాలము.

కరగుట పూడ్చుటను మించినప్పుడు మొదట గుంట పడదు. పైపొర నిలిచియుండగనే దాని క్రింద ఖనిజము సడలి, ఎనామెల్ లోలోపల సందులుపడి, సుద్దవలె తెల్లని మచ్చ యేర్పడును. చెదపట్టిన దూలము వెలుపల నున్నగానుండుట మీ రెరుగుదురు. ఆ దశయందు నొప్పి లేదు, రంధ్రము లేదు, తల్లికి అనుమానము లేదు. చికిత్స లేకుండ వెనుకకు మరలింపదగిన దశయు నదియొక్కటే. పైపొర కూలి గుంట పడినపిమ్మట తొలిచి నింపుటయు, అంతకు మించినచో నరమును తీయుటయు, తుదకు పన్నునే పెరికివేయుటయు తప్ప గతి లేదు. కావున ముందుగా చూడవలెను. చూచుటకే వెలుగు.

ప్రతిదీప్తి యనగా నేమి? ఒక వర్ణపు వెలుగును మ్రింగి వేరొక వర్ణపు వెలుగును వెడలించు గుణము. జాతరలలో నాటకపు రంగస్థలముపై ఊదాదీపము వేసినప్పుడు సబ్బుపొడితో ఉతికిన తెల్లపంచెలు నీలముగా మెరయుటను, నటుడు నవ్వగానే పలువరుస తళుక్కుమనుటను చూచినవారు దీనిని చూచినవారే. 1852లో ఇంగ్లండుదేశపు స్టోక్స్ అను పండితుడు ఈ గుణమునకు ఫ్లోరెసెన్స్ అని పేరిడెను. ఫ్లోర్‌స్పార్ అను రాయియందు ఈ మెరపు కనబడుటచే ఆ నామము. దంతములకు బలమునిచ్చు ఫ్లోరైడునకును ఆ రాతిపేరే మూలము. రోగమును చూపు వెలుగునకును, రోగమును మాన్పు మందునకును ఒక్క రాయియే పేరు పెట్టినది. వ్యుత్పత్తిశాస్త్రము బోధించినవారమగుటచే ఇట్టివి మాకు ముచ్చటగొల్పును, మన్నింపుడు.

వెలుగువిషయమున మనప్రాంతమునకు కొంత బంధుత్వము గలదు. సర్ సి. వి. రామన్ బాల్యము విశాఖపట్నమున గడచినది. వారి తండ్రిగారు అచ్చటి ఏ.వి.యన్. కళాశాలలో అధ్యాపకులు. 1923లో కలకత్తాయందు రామన్‌గారి శిష్యులు కె. ఆర్. రామనాథన్ ద్రవములలో నొక మందమైన వెలుగును చూచి దానిని బలహీన ప్రతిదీప్తి యని తలంచిరి. అది ప్రతిదీప్తి కాదు, వేరొక వింతయని 1928 ఫిబ్రవరిలో రామన్, కె. ఎస్. కృష్ణన్ గారలు నిశ్చయించిరి. రెండింటికిని గల భేదము తెలియుటచే లోకమున కొక నూతనవిద్య దొరకినది.

దంతములు ప్రతిదీప్తి గలవని 1911లో స్టూబెల్ అను జర్మను శాస్త్రజ్ఞుడు గుర్తించెను. పుచ్చినచోట ఆ మెరపు మారునని 1920 దశకపు తుదియందు బెనెడిక్ట్ చూపెను. 1980 దశకమున స్వీడన్ దేశస్థులు లేసరు వెలుగుతో పరిశోధించిరి. 1995లో నెదర్లాండ్సు దేశమున డి జోస్సెలిన్ డి యోంగ్, అతని తోడివారును ఛాయాచిత్రమునుండి ఎంత ఖనిజము పోయినదో లెక్కగట్టు పద్ధతిని ప్రకటించిరి. 1998లో జర్మనీయందు డయాగ్నోడెంట్ అను చిన్న పరికరము వెలువడినది.

నీలలోహితపు వెలుగు పంటిమీద పడినప్పుడు అది ఎనామెలును దాటి లోని డెంటీన్ అను భాగమును చేరును. అచ్చటినుండి పచ్చని వెలుగు తిరిగివచ్చును. ఖనిజము సడలినచోట సన్నని సందు లెన్నోయుండుటచే వెలుగు చెదరిపోవును. లోనికి పోవునదియు తగ్గును, వెలికివచ్చునదియు తగ్గును. కావున పచ్చని పంటిమీద ఆ చోటు నల్లని నీడవలె తోచును. పాచిలోని కొన్ని సూక్ష్మజీవులు పోర్‌ఫైరిన్లు అను పదార్థములను విడుచును. అవి ఎర్రగా మెరయును. డయాగ్నోడెంట్ మాత్రము 655 నానోమీటర్ల ఎర్రవెలుగును పంపి, తిరిగివచ్చు మెరపును 0 మొదలు 99 వరకు అంకెగా చూపును. నానోమీటరనగా మీటరున శతకోటివ వంతు.

మా శిష్యురాలు గదిని చీకటిచేసి, తొమ్మిదేండ్ల బాలుని నోటిమీద నీలపువెలుగు పడవేసి, పసుపుపచ్చ అద్దముగల కెమెరాతో తెరమీద చూపినది. పండ్లన్నియు లేతపచ్చగా వెలిగినవి. రెండు ముందుపండ్లకు చిగురుదగ్గర నెలవంకవంటి నీడ గలదు. దీపము వేసి చూడగా మా కచ్చట ఏమియు కనబడలేదు. ఆమె గాలి ఊది పంటిని ఆర్చినపిమ్మట మాత్రము తెల్లని మచ్చ లీలగా తోచినది. దవడపండ్ల మీద ఎర్రని మరకలు. బాలుడు తెరమీద ఆ యెరుపును చూచి, “నేను తోముకునే వచ్చేనండీ” అని సిగ్గుపడినాడు. ఆమె కుంచె చేతికిచ్చి తోమించి మరల చూపగా ఎరుపు చాలవరకు పోయినది. వాడు తనంతట మరల కుంచె నడిగి మిగిలినచోట తోముకొనెను. ముప్పదియైదేండ్లు శుచిత్వమునుగూర్చి మేము చెప్పిన పాఠము లొకయెత్తు, ఆ రెండునిమిషము లొకయెత్తు.

ఇంతమాత్రమున యంత్రము సర్వజ్ఞమని తలంపరాదు. తాంబూలపు మరక, గార, అంటుకొనియున్న పాచి, దంతధావనపు ముద్ద, ఇవన్నియు దానిని మోసపుచ్చును. పండ్లమధ్య ఒరసికొనియుండు తలములను అది చక్కగా చూపజాలదు. అందుకు ఎక్స్‌రే కావలయును. 2020లో కాక్రేన్ అను అంతర్జాతీయ వైద్యసమీక్షాసంస్థవారు ఇట్టి యంత్రములపై జరిగిన పరిశోధనములనెల్ల సమీక్షించిరి. వారి లెక్కనుబట్టి, 1000 పంటితలములలో 570 క్షయముగలవి యున్నచో యంత్రము సుమారు 171 చోట్ల రోగమును విడిచిపెట్టును; మంచివైన 430లో సుమారు 95 చోట్ల లేని రోగమును చూపును. అనగా అది సాక్షియే గాని న్యాయాధిపతి కాదు. తీర్పు చెప్పవలసినది శిక్షణపొందిన వైద్యుని కన్ను.

దీనివలన వచ్చు అనర్థమొకటి మే మెరుగుదుము. మాకు తెలిసిన యొక కుటుంబమువారు తమ కుమార్తెను ఒక పట్టణపు చికిత్సాలయమునకు గొనిపోగా, అచ్చట తెరమీద నీడలు చూపి, నాలుగు పండ్లు తొలువవలెనని భయపెట్టిరట. తండ్రి అప్పు చేయుటకు సిద్ధపడెను. మేము వేరొకరికి చూపుమంటిమి. ఆ వైద్యుడు పండ్లు శుభ్రపరచి చూడగా రెండుచోట్ల నీడయే లేదు. తక్కిన రెండును తొలిదశలోని మచ్చలు. ఫ్లోరైడు పూతయు, తీపి తగ్గించుటయు చాలునని పంపెను. గుంటపడని మచ్చను తొలుచుట యనగా చెద కనబడెనని దూలమును నరుకుట. ముందుగా చూచుట యెందుకనగా తొలువకుండుటకే. ఈ మాట యంత్రముతోపాటు మన తీర్మానమున చేరవలెను.

ఇక ఫ్లోరైడు. పండ్లు తోముకొను ముద్దలో పదిలక్షల పాళ్ళకు 1000 పాళ్ళ ఫ్లోరైడున్నచో అది పంటిలోనికి చేరి, మరల కూడు ఖనిజమును మునుపటికంటె ఆమ్లమునకు లొంగనిదానిగా చేయును. డబ్బామీద ఈ అంకె అచ్చువేయబడియుండును, చదివి కొనుడు. మూడేండ్లలోపు శిశువునకు బియ్యపుగింజంత, ఆరేండ్లవరకు బఠాణీగింజంత చాలును. ఎక్కువ మంచిది కాదా యని యడుగువారికి నెల్లూరు జిల్లా కథ చెప్పవలెను. 1937లో షార్ట్ మొదలైన వైద్యులు అప్పటి నెల్లూరు జిల్లాలో బావినీటియందలి అధిక ఫ్లోరైడుచే జనుల పండ్లు మచ్చలుపడి, ఎముకలు బిగిసి, వెన్నులు వంగిపోవుటను ప్రకటించిరి. తరువాతి కాలమున నల్లగొండ పేరు ఈ బాధచేతనే దేశమంతట వినబడినది. అట్టి మచ్చలును నీలపువెలుగున నీడగానే కనబడును. క్షయమునకును వానికిని భేదమును చెప్పవలసినది మరల వైద్యుడే. వేపపుల్ల, కానుగపుల్ల విడువుమని మేము చెప్పము. నమలి కుంచెచేసి తోమిన పుల్ల పాచిని తీయును. కాని పుల్లయందు ఫ్లోరైడు లేదు. బొగ్గుపొడి, ఇటుకపొడి మాత్రము విడువుడు. అవి ఎనామెలును గీరివేయును.

తల్లులకు ముఖ్యముగా నొకమాట. ఆరవయేట పాలపండ్లన్నిటికి వెనుక ఒక పెద్ద దవడపన్ను వచ్చును. దానికొరకు ఏ పాలపన్నును ఊడదు. అందుచే అదియు పాలపన్నే, ఊడిపోయి మరల వచ్చునని తలంతురు. అది స్థిరదంతము, చావువరకు నమలవలసినది. దాని నెత్తిన లోతైన గాళ్ళుండును, అన్నము తీపి అందు నిలుచును. మొట్టమొదట పుచ్చునది తరచుగా నదియే. మేము బడిలో చూచిన చెంపవాపులలో అనేకము దానివే. పరీక్షనాడు చెంపకు గుడ్డకట్టుకొని వచ్చి, శబ్దమంజరి యంతయు వచ్చియు ఒక్క రూపము చెప్పలేక కన్నీరుపెట్టిన పిల్లలను మే మెరుగుదుము.

ఇప్పుడు కొందరు పెద్దలకు రుచింపని మాట చెప్పవలసియున్నది. మన తీరమున స్త్రీలు చుట్టను నిప్పువైపు నోటిలోనుంచుకొని త్రాగుదురు. అడ్డపొగ యను పేరు వేరుగా చెప్పనక్కరలేదు. మన యిండ్లలో అవ్వలు, అత్తలు త్రాగినదే. డెన్మార్కుదేశపు పిండ్‌బోర్గ్, బొంబాయికి చెందిన మెహతా మొదలైన పరిశోధకులు మనప్రాంతపు గ్రామములలో 10,169 మందిని పరీక్షించి 1971లో ప్రకటించిన వ్యాసము వైద్యలోకమున ప్రసిద్ధము. అడ్డపొగవలన అంగిటిమీద తెల్లమచ్చలు, ఎర్రమచ్చలు, పుండ్లు కలుగుటయు, అవి కొందరియందు పుట్టకురుపుగా మారుటయు అందు చూపబడినవి. శ్రీకాకుళము పేరు విదేశపు వైద్యగ్రంథముల కెక్కిన కారణములలో నిదియొకటి, గర్వింపదగినది కాదు.

ఆ నీలపువెలుగే అంగిటిమీద పడినప్పుడు ఆరోగ్యమైన పొర లేతపచ్చగా మెరయును, చెడుచున్నచోటు నల్లబడును. ఇచ్చటను జాగ్రత్త యవసరము. వాపు, వేడికి కాలినచోటు కూడ నల్లగా తోచును. నిశ్చయము కావలెనన్నచో రవంత కోసి సూక్ష్మదర్శినితో చూడవలసినదే. రెండువారములలో మానని మచ్చగాని పుండుగాని యున్నచో యంత్రముకొరకు వేచియుండక వైద్యునియొద్దకు పోవలెను. పిల్లల పండ్లు చూచుటకు వచ్చు వైద్యురాలు, పిల్లలను వెంటబెట్టుకొని వచ్చిన అవ్వల అంగిళ్ళనుగూడ అదే పూట చూడవచ్చును. వేరుగా రమ్మన్న అవ్వలు రారు; మనుమనితో రమ్మన్న వత్తురు. అడ్డపొగ విడువుమని చెప్పుటకును మనుమనికంటె తగిన దూత లేడు.

దాతగారి వాగ్దానమును గైకొనవలెననియే మా యభిప్రాయము. కాని కేవలము యంత్రమునే యిచ్చి సెలవు గైకొందుమన్నచో వలదనియు మా యభిప్రాయము. దేవాలయమునకు వెండిగొడుగు సమర్పించి దీపపు నూనెకు నిధి చూపని ధర్మములను మనము చూచియున్నాము. యంత్రపు వెలలో కొంత తగ్గించియైనను, సంవత్సరమునకు రెండుమారులు దంతవైద్యురాలు వచ్చుటకును, మచ్చగల పిల్లలకు ఫ్లోరైడు పూతకును, ఏటేట ముద్దకు కుంచెలకును ధనము కేటాయింపవలెను. అన్నిటికి చాలని పక్షమున ముందుగా వదలుకొనవలసినది యంత్రమే. చిన్న అద్దము, మంచి దీపము, నేర్పరియైన వైద్యురాలు ఉన్నను పని చాలవరకు జరుగును. ప్రతిపిల్ల పేరున పుస్తకమొకటి యుంచి, ఏ పంటిమీద ఏ వైపున నీడ యున్నదో వ్రాసి, ఆరునెలలకు మరల చూచి పెరిగెనో తగ్గెనో వ్రాయవలెను. ఒక్కమారు చూచిన నీడకంటె రెండుమారులు చూచి పోల్చిన నీడ నమ్మదగినది. తల్లిదండ్రుల అనుమతి లేనిదే ఏ పిల్లకును చికిత్స చేయరాదు. ఛాయాచిత్రములు పత్రికలలో వేయరాదు. వసతిగృహపు అంగడిలో జిగటమిఠాయి యమ్మకమును భోజనవేళకు పరిమితము చేయవలెను. అంగడిని వేలమున పాడుకొన్న సభ్యులు ఈ సభలోనే యున్నారు. వారి నష్టమునుగూర్చి కార్యవర్గము వారితో ముందుగా మాటలాడుట న్యాయము.

తీర్మానపు చిత్తుప్రతి కార్యదర్శిగారియొద్ద నున్నది. రేపుదయము చర్చకు ముందుగా సభ్యులు దానిని చదివి రావలెనని వేడుచున్నాము. పాఠశాలలోని పిల్లల పేర్ల పట్టికను దానికి జతపరచితిమి. ఈ యేట ఆరేండ్లు నిండువారి పేర్లక్రింద ఎర్రసిరాతో గీత గీసితిమి.